మునిరత్నం లేని మూడు రోజులు

ఇస్త్రీ చేసిన చొక్కాను మునిరత్నం తన చేతులతో తానే నలిపాడు. చాలలేదు. ఉండ చుట్టి కుర్చీలో పెట్టి, దాని మీద ఐదు నిమిషాలు కూర్చున్నాడు. తర్వాత తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. మూడు రోజులుగా ఇంటి మొహం చూడని మనిషిలా కనిపించాడు. తృప్తిగా తలాడించాడు.

నిజానికి ఆ ఉదయమే చిత్తూరులో తన ఇంట్లో తలంటుకుని, మూడు దోసెలు తిని, ఏడున్నర బస్సులో బంగారుపాళ్యం వచ్చాడు. కానీ పదకొండు గంటలకు రాబోయే ఆడిటర్‌కు ఆ సంగతి తెలియాల్సిన అవసరం లేదు. ఆమె చూడాల్సినవన్నీ ఆఫీసు గదిలో సిద్ధంగా ఉన్నాయి. మూలన మడత మంచం, దాని మీద నలిగిన దుప్పటి, మేకుకు తువ్వాలు, గ్లాసులో పళ్ళ బ్రష్షు, బల్ల మీద బీపీ మాత్రల అట్ట. బీపీ ఆయనకు లేదు. ఆ అట్ట వాచ్‌మన్‌ది.

మునిరత్నం ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజరు. మామిడి సీజన్లో పదకొండేళ్ళుగా ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. బావమరిది పెళ్ళికి తాళి కట్టాక వచ్చి, విస్తరి వేయకముందే వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళి ఫోటోలో ఆయన ఉన్నాడు. చెప్పులు వేసుకుంటూ.

వచ్చే ఆడిటర్ది నెదర్లాండ్స్. అక్కడి కంపెనీ ఒకటి మూడేళ్ళ పాటు గుజ్జు కొంటానంటోంది. ఆమె సరేనంటే ఆర్డరు వస్తుంది. ఆమె కాదంటే సంగతేమిటో ఓనరు రాజారత్నం ముందు రోజే సూటిగా చెప్పేశాడు.

"ఇది రాకపోతే వచ్చే సీజన్‌కి గేటుకి తాళమేప్పా మునిరత్నం. రెండువందల నలభై మందికి నేను ఏం చెప్పేది?"

"సార్, మీరు నిమ్మళంగా ఉండండి. ఫారిన్‌వాళ్ళకి ఏం గావాలో నాకు తెలుసు," అన్నాడు మునిరత్నం.

అదే ఆయన చేసిన తప్పు. మునిరత్నం లెక్కలో ప్రపంచం రెండే భాగాలు. ఒకటి చిత్తూరు జిల్లా, రెండోది ఫారిన్. రెండేళ్ళ కిందట డబ్బాలకు మూతలు బిగించే మిషను అమర్చడానికి ఒక జపాన్ ఇంజనీరు వచ్చాడు. మీటింగులో కూర్చునే కునుకు తీశాడు. తర్వాత అడిగితే నవ్వి, తమ దేశంలో అలా కునికే మనిషిని ఎవరూ తప్పుపట్టరని, పాపం ఎంత కష్టపడి ఉంటాడో అనుకుంటారని చెప్పాడు. ఆ మాట మునిరత్నం గుండెల్లో దిగబడిపోయింది. ఫారిన్‌లో కునుక్కి ఇంత మర్యాద ఉంటుందని తెలిశాక, ఇన్నాళ్ళూ మేలుకుని పనిచేసి ఎంత నష్టపోయానో అనిపించింది.

ఆడిటర్ పేరు మారిట్. యాభై ఏళ్ళుంటాయి. పొడుగ్గా, చేతిలో కాగితాలు బిగించిన అట్టతో, బడి తనిఖీకి వచ్చిన అధికారిలా ఉంది. ఆమె ఇంగ్లీషును తెలుగులోకి మార్చే బాధ్యత క్వాలిటీ విభాగం చూసే మహితది. మహితకు ఇరవై ఆరేళ్ళు, నవ్వు ఆపుకోవడం అంతగా రాదు.

మీటింగు మొదలైన పది నిమిషాలకు మునిరత్నం పని మొదలుపెట్టాడు. ముందు రెప్పలు బరువుగా వాల్చాడు. తర్వాత గడ్డం ఛాతీకి ఆనించాడు. చిన్నగా గురక కూడా పెట్టాడు. అది సొంత కల్పన, జపాన్ ఇంజనీరు పెట్టలేదు.

మారిట్ మాట ఆపేసింది. లేచి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"సార్, లెయ్యండి," అంది మహిత పళ్ళ మధ్య నుంచి. "మీకు ఒంట్లో బాగలేదేమో, ఆంబులెన్స్ పిలవమంటా ఉండాది."

మునిరత్నం కళ్ళు తెరిచి, అలసిన వీరుడిలా నవ్వాడు. "ఏంలేదమ్మా. మూడు దినాలుగా ఈడే ఉండాను, అదే చెప్పు. ఆ మంచం కూడా చూపించు."

మహిత చూపించింది. మారిట్ మంచం చూసింది, బ్రష్షు చూసింది, మాత్రల అట్ట చూసింది. ఎర్ర కలం తీసి రాసింది. తర్వాత వరసగా అడిగింది. కాయలు మాగబెట్టే గదుల తలుపులు ఎప్పుడు తెరవాలో ఎవరు చెబుతారు? మునిరత్నం సారు. లోడులు చూసి లోపలికి పంపేది? మునిరత్నం సారు. తొక్కలు, టెంకలు బయటికి తీసుకుపోయే లారీకి గేటు పాస్ మీద సంతకం? సారే. ఆయన లేని రోజు?

"లేని రోజు లేదు," అన్నాడు మునిరత్నం, మహిత కోసం ఆగకుండా తెలుగులోనే.

గది తలుపు తెరిచే సమయం ఎలా తెలుస్తుంది, ఎక్కడ రాసి ఉంది అని మారిట్ చివరగా అడిగింది. మునిరత్నం గర్వంగా తన ముక్కు మీద వేలితో రెండుసార్లు తట్టాడు.

ఎర్ర కలం ఈసారి చాలాసేపు నడిచింది. ఆమె బాత్రూముకు వెళ్ళగానే మునిరత్నం మహిత వైపు వంగాడు.

"ఎర్ర ఇంకు వాళ్ళ దేశంలో మెచ్చుకునేదానికి గదమ్మా?"

"లేదు సార్. ఫ్యాక్టరీలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏందో రాసింది."

"బాయిలరా?"

"మీరు, సార్."

మారిట్ తిరిగి వచ్చి విడమరిచి చెప్పింది. తన ఊళ్ళో ఎవరైనా ఆఫీసులో మంచం వేసుకుంటే ఇద్దరిలో ఒకరికి పని చేతకాదని అర్థమట. అయితే ఆ మనిషికి, లేకపోతే ఆ మనిషి పై అధికారికి. పై అధికారి అనగానే పక్కనే ఉన్న రాజారత్నం కుర్చీలో సర్దుకున్నాడు. ఒక మనిషి ముక్కు మీద నడిచే ఫ్యాక్టరీ, ఆ మనిషికి జలుబు చేస్తే ఆగిపోతుంది. అలాంటి చోటు నుంచి మూడేళ్ళ సరుకు కొనడం ఎలా? కాబట్టి ఒక పరీక్ష. మంగళ, బుధ, గురు వారాలు మునిరత్నం లేకుండా ఫ్యాక్టరీ నడవాలి. ఆయన ఫోను ఓనరు దగ్గర ఉండాలి. ఆయన పనిలో వేలు పెడితే పరీక్ష పోయినట్టే, ఆర్డరు కూడా పోయినట్టే.

"ఇంకొకటి సార్," అంది మహిత. "మీకు తెలిసిందంతా సాయంత్రం లోపల కాయితం మీద పెట్టాలంట."

మునిరత్నం తెల్లకాగితం ముందు రెండు గంటలు కూర్చున్నాడు. పదకొండేళ్ళ విద్య. చివరికి ఒక వాక్యం తయారైంది. "వాసన వచ్చినప్పుడు తలుపు తెరవవలెను." కింద తేదీ వేసి సంతకం పెట్టాడు.

*

మంగళవారం ఉదయం ఐదున్నరకే ఆయన ఇంట్లో లేచి కూర్చున్నాడు. ఆరింటికి వంటింట్లో చేరాడు. ఆరుంబావుకు పప్పుడబ్బాలు పాతవి ముందు, కొత్తవి వెనుక వచ్చేలా సర్దాడు. ఆరున్నరకు ఇడ్లీ పిండి గిన్నె మూత తీసి వాసన చూస్తూ దొరికిపోయాడు.

"ఏం చేస్తా ఉండారు?" అంది భార్య నాగవేణి.

"ఇంకో గంట పులవాల ఇది."

"ఇరవై ఆరేండ్లుగా మీ ముక్కు లేకుండానే ఇడ్లీలు పోసినాను. జరగండి అట్ల." ఆమె గిన్నె లాక్కుంది. "అబ్బా, మీరు ఆడ ఉంటే ఫ్యాక్టరీ నడుస్తాది, ఈడ లేకపోతే ఇల్లు నడుస్తాది. ఎవురి పని వాళ్ళని చేసుకోనీండి."

ఆయన హాల్లోకి పోయి కూర్చున్నాడు. ఫోను లేదు. జేబు తడుముకున్నాడు, పది నిమిషాలకొకసారి. ఫ్యాక్టరీ నుంచి ఎవరో ఒకరు పరుగెత్తుకు వస్తారని వీధి వాకిలి తీసే ఉంచాడు. సాయంత్రం దాకా ఒక్క కూరగాయల బండి మాత్రం వచ్చింది.

బుధవారం ఆయన నిగ్రహం ఉదయం తొమ్మిదింటి వరకు నిలిచింది. పదింటికల్లా తలకు తువ్వాలు చుట్టుకుని, హైవే మీద ఫ్యాక్టరీకి ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చున్నాడు. గేటు లోపలికి పోవద్దన్నారు గాని టీ తాగొద్దని ఎవరూ అనలేదు.

పొగగొట్టం నుంచి పొగ మామూలుగా వస్తోంది. ట్రాక్టర్ల లైను కదులుతోంది. షిఫ్టు ఆడవాళ్ళు నవ్వుకుంటూ లోపలికి పోయారు. ఫ్యాక్టరీ నడుస్తున్నందుకు ఆయన సంతోషించాలి. సంతోషించాడు కూడా, పంటినొప్పి ఉన్నవాడు ఫోటోకు నవ్వినట్టు. రెండువందల నలభై మంది బతుకు నిలబడాలని ఒక పక్క దండం పెట్టుకున్నాడు. ఇంకో పక్క, ఏదో ఒక చిన్న పైపయినా పగిలితే బాగుండునని, తన పేరు ఒక్కసారి ఎవరైనా అరిస్తే బాగుండునని అనుకున్నాడు. రెండో కోరిక దేవుడికి వినపడకుండా టీ గట్టిగా జుర్రాడు.

నాలుగో టీ దగ్గర గాలి తిరిగింది.

మునిరత్నం ముక్కు నిటారుగా లేచింది. తియ్యటి వాసన, దాని అడుగున పులుపు, ఇంకా అడుగున కల్లు. అనుమానం లేదు. మాగబెట్టే గదుల వైపు నుంచే. మూడో నంబరు గది! శనివారం నింపింది. తలుపు తెరవాల్సిన సమయం దాటిపోయింది. ఇంకో గంట గడిస్తే కాయంతా పులిసిపోతుంది. ఆ కాయతో తీసిన గుజ్జే రేపు ఆ మేడమ్ పరీక్షకు పోతుంది.

లోపలికి పోతే ఆర్డరు పోతుంది. పోకపోతే సరుకు పోతుంది, దాంతో ఆర్డరూ పోతుంది. ఒక్కటే దారి. ఎవరి కంటా పడకుండా పోయి, ఎవరో ఒకరి చెవిలో ఒక్క మాట ఊది, ఎవరి కంటా పడకుండా బయటికి రావాలి.

లైన్లో గేటుకు రెండో స్థానంలో ఉన్న ట్రాక్టరు ఢిల్లీబాబుది. పక్క ఊరి రైతు, తెలిసినవాడు. మునిరత్నం వంగి వంగి వెళ్ళి అతని మోచేయి పట్టుకున్నాడు.

"బాబూ, నన్ను నీ లోడు మీద కప్పిన టార్పాలిన్ పట్ట కింద దాచి లోపలికి తీసుకుపో."

ఢిల్లీబాబు ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. "సార్, ఆడ మీరే మేనేజరు. మీ ఫ్యాక్టరీలోకి మీరే దొంగమాదిరి పోయేదేందప్పా?"

"తర్వాత చెప్తా. ముందు పట్ట ఎత్తు."

"కాయ నలుగుతాది సార్."

"బాబూ!"

పట్ట లేచింది. మునిరత్నం తోతాపురి కాయల మీద బోర్లా పడుకున్నాడు. పట్ట దిగింది. చీకటి, ఉక్క, తొడిమల దగ్గర కారిన జీడి ఘాటు. కాయల ముక్కులు పక్కటెముకల్లో గుచ్చుకున్నాయి. వాటినే ఆయన పదకొండేళ్ళుగా తన బిడ్డల్లా చూసుకున్నాడు. బండి కదిలింది. కాటా మీద ఆగింది. గేటు దాటింది. బండి మళ్ళీ ఆగింది. ఎవరో పట్ట అంచు ఎత్తారు.

సార్టింగ్ సెక్షన్ సూపర్‌వైజరు లోకేశ్వరి. చేతిలో లోడు చూసే పుస్తకం. ఆమె మునిరత్నం మొహాన్ని ఒక క్షణం చూసింది. అరవలేదు.

"ఇదేం రకం కాయ ఢిల్లీబాబన్నా? తోతాపురి మాదిరి లేదే. బాగా మాగిపోయినట్టుండాది."

"లోకేశ్వరీ, నవ్వేదానికి టైము లేదు," అని గుసగుసలాడాడు మునిరత్నం. "మూడో నంబరు గది పులిసిపోతా ఉండాది. రోడ్డు కాడికి వాసన కొడతాది. తలుపు తెరవండి!"

"మూడో గది పొద్దున ఆరింటికే తెరిచినాం సార్. కాయంతా మిషనెక్కి గుజ్జయి, డ్రమ్ములకి కూడా పోయినాది."

"మరి ఆ వాసన?"

"తొక్కలూ టెంకలూ. రెండు దినాలుగా వెనకాల గుట్ట పడినాయి. లారీ పోవాలంటే మీ సంతకం గావాల గదా. ఇందాకే మేడమ్ చూసి, మహిత సంతకం చాలని రాపించినాది. లారీ వస్తా ఉండాది."

మునిరత్నం కాసేపు కాయల్లో మొహం పెట్టుకున్నాడు. రోడ్డు దాటి వచ్చి తన ముక్కుకు తగిలిన ప్రమాదం తన సంతకమే.

"సరే. ఆరింటికి తెరవాలని మీకెట్ల తెలిసింది? నేను రాసింది ఒక్క ముక్కే గదా."

"అది చదివి అందరం నవ్వుకున్నాం సార్, ఏమనుకోవద్దు." లోకేశ్వరి గొంతు తగ్గించింది. "పదకొండేండ్లుగా మీరు గది కాడికి వచ్చేతలికి ట్రాలీలు తలుపు ముందర వరసగా నిలబడి ఉంటాయి గదా. కాయ మాగిందని తెలిసినాకే కదా అవి ఆడ పెట్టేది. మీరు వచ్చి వాసన చూసి, ఊ అంటారు. మేం తోసుకుపోతాం. ఆ ట్రాలీలు ఎవురు పెట్టినారనుకున్నారు?"

"నేను... క్రమశిక్షణ అనుకున్నాను," అన్నాడు మునిరత్నం.

"తొడిమ కాడ రంగు, వేలితో నొక్కితే దిగేది, అన్నీ నేను చెప్తే మహిత రాసుకున్నాది. తొమ్మిది పాయింట్లు వచ్చినాయి. ఇంగ తల లోపల పెట్టండి. మేడమ్ వస్తా ఉండాది."

పట్ట దబుక్కున పడింది. అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. మారిట్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఈ బండి ఇంతసేపు ఎందుకు ఆగింది అని మహిత తెలుగు చేసింది.

"లోడు రిజెక్ట్," అంది లోకేశ్వరి. "ఒక కాయ ఎక్కువ మాగినాది. లోపలికి పోనిస్తే అన్నిటినీ పాడు చేస్తాది. వెనక్కి పంపిస్తా ఉండాను." పుస్తకంలో నుంచి చీటీ చించిన చప్పుడు వినిపించింది.

"నా లోడు రిజెక్టా? ఏందక్కా ఇది!" అని ఢిల్లీబాబు లబలబలాడాడు.

సరిగ్గా అప్పుడే జీడి ఘాటు మునిరత్నం ముక్కులోకి పోయింది. పళ్ళు బిగించాడు, ఊపిరి బిగబట్టాడు. కొండల్ని కదిలించే తుమ్ము ఒకటి వచ్చింది. పట్ట ఒక జానెడు పైకి లేచింది.

మారిట్ రెండు వేళ్ళతో పట్ట తొలగించింది. జీడి మరకల మొహంతో, తువ్వాలు చెవుల మీదికి జారి, మునిరత్నం కాయల మీద లేచి కూర్చున్నాడు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆయన చేతులు జోడించాడు.

"మహితా, ఉన్నదున్నట్టు చెప్పు. వీళ్ళ తప్పేం లేదు. నన్నెవురూ పిలవలేదు. ఎవురూ లోపలికి తేలేదు, ఇతన్ని కూడా నేనే బలవంతం చేసినాను. నేను లేకపోతే ఇది నడవదనుకున్నాను. నడుస్తా ఉండాది. ఆ ఎర్ర ఇంకుతో నా పేరు రాసుకోమను. నన్ను తీసేసినా సరే. వీళ్ళ ఆర్డరు మాత్రం తీసేయొద్దని చెప్పు."

మహిత చెప్పింది. ఈసారి నవ్వలేదు. మారిట్ మొహంలో ఏమీ తెలియలేదు. ఆమె లోకేశ్వరిని రెండే ప్రశ్నలు అడిగింది. ఈయన పనిలో ఏమైనా వేలు పెట్టాడా?

"పెట్టబోయినాడు. మేం పెట్టనీలేదు."

కనిపించగానే మీరేం చేశారు?

లోకేశ్వరి చేతిలోని చీటీ చూపించింది. సమయం, ట్రాక్టరు నంబరు, రిజెక్ట్, కింద సంతకం. మారిట్ ఆ చీటీని చదివింది. ఢిల్లీబాబును చూసింది. మునిరత్నం చెవి మీద వేలాడుతున్న తువ్వాలును చూసింది. ఆమె పెదవి ఒక మూల కొంచెం వంగింది.

"సార్," అంది మహిత నెమ్మదిగా, "సంబంధం లేని మనిషి ఒకడు లోపలికి వచ్చినాడు, నాలుగు నిమిషాల్లో పట్టుకున్నారు, రూలు ప్రకారం వెనక్కి పంపినారు. అట్ల రాసుకున్నాది. పరీక్ష పోలేదంట. ఇది తను కూడా పెట్టలేని పరీక్షంట. రేపు సాయంత్రం దాకా నడుస్తాది. మీరు మాత్రం ఇప్పుడే బయటికి పోవాలంట."

"పోతాను. దిగి నడిచి పోతాను."

"లేదు సార్," అంది లోకేశ్వరి. "రిజెక్ట్ అయినది వచ్చిన బండిలోనే పోవాల. అది మీరు పెట్టిన రూలే."

*

గేటు దాటాక ఢిల్లీబాబు బండిని లైను చివరికి తీసుకుపోయి ఆపాడు. నూట డెబ్బై ట్రాక్టర్లు ముందున్నాయి.

"రెండు దినాలు కూచుంటే వచ్చిన టోకెన్ సార్ అది. మీ ముక్కు వల్ల పోయినాది," అన్నాడు. "ఇంట్లో పాలు పితికేదానికి ఎవురూ లేరు. నేను పోతా ఉండా. బండి మీ పూచీ. లైను కదిలితే కదపండి."

మునిరత్నం కాదనలేకపోయాడు. సాయంత్రం ఢిల్లీబాబు తిరిగి వచ్చి మార్చుకున్నాడు. గురువారం పొద్దున్నే మళ్ళీ మునిరత్నం వచ్చాడు, ఎవరూ రమ్మనకుండానే. ముందు బండి మీద మేకల మందలా కూర్చున్న నలుగురు కుర్రకారు డ్రైవర్లు ఆయన్ను గుర్తుపట్టలేదు.

"మొన్నటి నుంచి లైను బిరబిరా పోతాండాది సూడు," అన్నాడొకడు.

"ఆ మేనేజరు లేడంట. వాడుంటే ఒక్కో లోడు కాడ కాయ కాయకీ ముక్కు పెడతాడంట. పనిమంతుడులే."

"వాని పని ఏమో గాని, మన పనంతా ఈడ కూచునేదే అయిపోయినాది గదప్పా."

పదకొండేళ్ళలో మునిరత్నం ఈ లైనును కిటికీలోంచే చూశాడు. లైను ఎంత పొడుగుంటే తన అవసరం అంత ఉందని మురిసిపోయేవాడు. ఇప్పుడు దాని తోకన కూర్చుంటే ఎండ ఎటు నుంచి వస్తుందో, మధ్యాహ్నానికి అడుగు కాయ ఎలా మెత్తబడుతుందో, నీళ్ళ కోసం ఎంత దూరం పోవాలో తెలిసింది. బండి కదిలినప్పుడల్లా కదిపాడు. అంతకు మించి చేయడానికి ఏ పనీ లేదు. పక్క బండి ముసలాయన సగం తెగిన ముంజకాయ ఇచ్చాడు, తిన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు రాజారత్నం గేటు బయటికి వచ్చాడు. ఓనరు గేటు దాటి నడవడం అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు. లైను వెంట ఒక్కో బండి మీదికి తొంగి చూస్తూ వచ్చి, ఢిల్లీబాబు ట్రాక్టరు దగ్గర ఆగాడు.

"మునిరత్నం! ఆర్డరు వచ్చినాదప్పా! మూడేండ్లకి సంతకం పెట్టింది."

మునిరత్నం రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి తల వాల్చాడు. "దేవుడున్నాడు సార్."

"ఒక్క షరతు. ఏటేటా ఇరవై ఒక్క దినం నీకు సెలవు. అదీ సీజన్లోనే. పరీక్షంట, ప్రతి ఏడూ." రాజారత్నం జేబులో నుంచి ఫోను తీసి ఇచ్చాడు. "ఇంగ దిగు. లోపలికి రా, అందరూ ఉండారు."

మునిరత్నం ఫోను వైపు చూశాడు. మూడు రోజులకు కలిపి నాలుగు కాల్స్. మూడు నాగవేణివి, ఫోను ఆయన దగ్గర లేదని మరిచి, నువ్వుల నూనె తెమ్మనడానికి. ఒకటి రాంగ్ నంబరు. ముందున్న బండి పొగ వదిలి కదిలింది.

"ఇప్పుడు రాలేను సార్," అన్నాడు గేరు వేస్తూ. "దిగితే లైను పోతాది. ఢిల్లీబాబు నన్ను చంపుతాడు."

"ఎన్ని బండ్లుండాయి నీ ముందర?"

"పన్నెండు."

రాజారత్నం గేటు వైపు చూసి, వాచీ చూసుకున్నాడు. "అయితే గంటలో లోపలుంటావులే," అన్నాడు. "నువ్వే లోపల ఉండుంటే రేపు పొద్దున అయ్యేది."

మునిరత్నం నవ్వాడు. బండి ఒక బారెడు ముందుకు జరిగింది.